వానలో స్కై ద్వీపపు కొండ నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కాట్లండ్ పశ్చిమ తీరాన ఉన్న స్కై ద్వీపానికి గ్లాస్గో, ఎడిన్‌బరా, లండన్ నగరాల నుంచి సెలవు రోజుల్లో వెళ్లే తెలుగువారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు రాశాము. వాన పడే రోజున ఏ కొండకు వెళ్లవచ్చు, ఏది మానుకోవాలి, ఏం వెంట ఉండాలి అన్నంతవరకే ఇక్కడి విషయం. బస, భోజనం, చూడదగిన కోటల గురించి ఇందులో లేదు.

వాన పడుతుంటే అసలు కొండ నడకకు వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. వాన ఆగేదాకా గదిలో కూర్చుంటామనుకుంటే స్కైలో చాలా సెలవులు గదిలోనే గడిచిపోతాయి. అయితే వాన పడుతున్నప్పుడు ఆ ద్వీపం ఎండలో ఉన్న ద్వీపం కాదు. ఎండ రోజున మధ్యాహ్నానికల్లా ముగిసే దారి వాన రోజున వాగు దగ్గర ఆగిపోవచ్చు, నిన్న కాలికి పట్టు ఇచ్చిన రాయి నేడు జారవచ్చు, ఫొటోలో చూసి ముచ్చటపడిన శిఖరం మీద పది అడుగుల అవతల ఏముందో కనిపించకపోవచ్చు. కాబట్టి వెళ్లాలా వద్దా అన్నది కాదు, ఆ రోజు వానకు, గాలికి తగిన నడక ఏది అన్నదే తేల్చుకోవలసినది. ముందే అనుకున్న శిఖరాన్ని వదులుకోవడానికి మనసు ఒప్పుకోనివారు వాన రోజున కొండ వైపు వెళ్లకపోవడమే మంచిది.

మన దగ్గర ఇంతకంటే పెద్ద వానలు చూశాము. ఇక్కడి వానకు అంత భయపడాలా?

పరిమాణం చూస్తే ఈ సందేహం సహజమే. గంటలో ఊరిని ముంచే జోరువాన ఇక్కడ అరుదు. కానీ హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, స్కాట్లండ్ పశ్చిమ కొండ ప్రాంతాల్లో అది 3000 మిల్లీమీటర్లు దాటుతుంది. అట్లాంటిక్ మీదుగా తేమతో వచ్చే నైరుతి, పశ్చిమ గాలులకు సముద్రం ఒడ్డునే నిలువునా లేచిన కూలిన్ పర్వతాలు అడ్డు పడతాయి. గాలి పైకి లేచి చల్లబడి తన తేమను అక్కడే వదిలేస్తుంది. అందువల్ల పర్వతాల దగ్గర ముసురు పట్టి ఉన్న రోజునే ద్వీపానికి ఈశాన్యాన ఉన్న స్టాఫిన్ వైపు పొడిగా ఉండటం కద్దు.

అసలు తేడా చలిలో ఉంది. మన నైరుతి వానలో తడిస్తే ఇంటికి వచ్చి తల తుడుచుకుంటే సరిపోతుంది. స్కైలో నడివేసవి పగలు కూడా సముద్ర మట్టం దగ్గర 15, 16 డిగ్రీలు ఉండటం మామూలే, 900 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి అందులో ఆరు డిగ్రీలదాకా తగ్గుతుంది, దాని మీద ఈదురుగాలి తోడవుతుంది. తడి బట్ట మీద గాలి తగిలితే ఒంటి వేడి ఎంత త్వరగా పోతుందో ఉష్ణ ప్రాంతంలో పెరిగినవారికి అనుభవంలో ఉండదు. జూలైలో కూడా ఇక్కడ మనుషులు చలి దెబ్బ తింటారని తెలిస్తే ఆశ్చర్యపోతారు, కానీ అది నిజం.

ఏ నెలలో వాన తక్కువ?

ఏప్రిల్ నుంచి జూన్ వరకు, అందులోనూ మే నెలలో, మిగతా ఏడాదితో పోలిస్తే పొడి రోజులు ఎక్కువ. శరత్తు, శీతాకాలాలు బాగా తడిగా ఉంటాయి. వానతోపాటు వెలుతురును కూడా లెక్కలోకి తీసుకోవాలి. జూన్ చివర పగలు 17 గంటలకు పైగా ఉంటుంది, డిసెంబరు చివర ఆరున్నర గంటలే ఉంటుంది. డిసెంబరులో ఉదయం తొమ్మిదికి ముందు, మధ్యాహ్నం నాలుగు తర్వాత కొండ మీద ఉండటమంటే చీకటిలో ఉండటమే.

వాతావరణ సూచనలో ఏం చూడాలి?

ఫోన్‌లో పోర్ట్రీ పట్టణానికి చూపే ఉష్ణోగ్రత, వాన బొమ్మ కొండకు పనికిరావు. అది సముద్రం పక్కన ఉన్న ఊరి సంగతి. కొండల కోసం బ్రిటన్ జాతీయ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ ప్రత్యేకంగా పర్వత సూచనలు ఇస్తుంది. మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ అనే సంస్థ కూడా ప్రాంతాలవారీగా ఇస్తుంది. ఈ రెండో దానిలో గాలి వేగంతోపాటు ఆ గాలి నడిచే మనిషి మీద చూపే ప్రభావం, వాన ఎంతసేపు, మబ్బు ఏ ఎత్తు దాకా దిగుతుంది, శిఖరాలు మబ్బు లేకుండా కనిపించే అవకాశం ఎంత శాతం వంటివి మాటల్లో రాసి ఉంటాయి.

ముందుగా చూడవలసింది గాలి, వాన తర్వాతి సంగతి. గాలి లేని వానలో మంచి దుస్తులతో రోజంతా నడవవచ్చు. గంటకు 40 మైళ్ల గాలిలో నడక కష్టమవుతుంది, శిఖరాల మధ్య సన్నని గట్ల మీద అది ప్రమాదం. ఆ తర్వాత మబ్బు ఎత్తు చూడాలి. మూడోది, నిన్నా మొన్నా ఎంత వాన పడింది అన్నది. ఇది సూచనలో ఉండదు, కానీ వాగుల స్థితి దాని మీదే ఆధారపడుతుంది. పసుపు, అంబర్, ఎరుపు రంగుల్లో వచ్చే హెచ్చరికల్లో అంబర్ ఉన్న రోజున కొండ ఆలోచన విరమించాలి. పసుపు ఉన్న రోజున కూడా ఆ హెచ్చరిక గాలికా వానకా అన్నది చదివి తీరాలి.

తడిస్తే ఏ రాయి జారుతుంది, ఏది జారదు?

ఉత్తరాన ఉన్న ట్రోటర్‌నిష్ గట్టు సుమారు 6 కోట్ల సంవత్సరాల నాటి లావా పొరలతో, అంటే బసాల్ట్‌తో ఏర్పడింది. స్టార్, క్విరాంగ్ ఆ గట్టులో భాగాలు. దక్కన్ పీఠభూమి నల్లరాయిని చూసి పెరిగినవారికి ఇది పరిచయమైన రాయే. తడిసిన బసాల్ట్ నున్నగా, జిడ్డుగా మారి కాలికి పట్టు ఇవ్వదు. నల్ల కూలిన్ పర్వతాల్లో ప్రధానంగా ఉన్నది గాబ్రో అనే గరుకు రాయి. దాని పై పొర ఎంత గరుకుగా ఉంటుందంటే తడిలో కూడా బూటు నిలుస్తుంది, చేతి వేళ్ల చర్మం మాత్రం అరిగిపోతుంది. ఇంత మంచి రాయి ఉంది కదా అని ధైర్యపడితే చిక్కు ఇక్కడే వస్తుంది. ఆ గాబ్రోను నిలువునా కోసుకుంటూ బసాల్ట్ పొరలు చొచ్చుకుని ఉన్నాయి. బసాల్ట్ త్వరగా అరిగి మెట్లలా, ఇరుకు సందుల్లా ఏర్పడటం వల్ల దారి తరచుగా వాటి మీదుగానే సాగుతుంది. పది అడుగులు గట్టి పట్టు, పదకొండో అడుగు జారుడు అన్నట్టు ఉంటుంది. అనుభవజ్ఞులు కూడా తడి రోజున నల్ల కూలిన్ శిఖరాలను వాయిదా వేయడానికి ఇది ఒక పెద్ద కారణం.

ఎర్ర కూలిన్ అని పిలిచే గుండ్రని కొండలు గ్రానైట్‌వి. వాటి వాలు నిండా కదిలే గులకరాళ్లు ఉంటాయి. 775 మీటర్ల గ్లామేగ్ కొండను 1899లో హర్కబీర్ థాపా అనే గూర్ఖా సైనికుడు స్లిగహన్ సత్రం నుంచి వట్టి కాళ్లతో ఎక్కి దిగి 55 నిమిషాల్లో తిరిగి వచ్చాడు. ఆ సంగతిని తలచుకుని ఆనందించవచ్చు గానీ, మన నడక సమయానికి దాన్ని కొలతగా తీసుకోకూడదు.

వాగులు దాటడం అంత ప్రమాదమా? పటంలో సన్నని నీలి గీతలే కదా.

వాన రోజున అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించవలసింది వీటి గురించే. స్కైలో కొండకూ సముద్రానికీ మధ్య దూరం చాలా తక్కువ, కొండ మీద నీటిని పట్టి ఉంచే మట్టి పలుచన, అడవి దాదాపు లేదు. అందువల్ల పైన పడిన వాన కొద్ది గంటల్లోనే కింద వాగులోకి చేరుతుంది. ఉదయం రాళ్ల మీద కాలు పెట్టి దాటిన వాగు మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి తొడ లోతున గోధుమ రంగు నీటితో హోరెత్తుతూ ఉండవచ్చు. నీరు మోకాలిని మించి వేగంగా పారుతుంటే దాన్ని దాటే ప్రయత్నం చేయకూడదు. గోదావరి, కృష్ణ తీరాల్లో ఈత నేర్చినవారికి కూడా ఇక్కడ ఈత అక్కరకు రాదు, ఎందుకంటే చల్లని నీటిలో పడిన తొలి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పుతుంది, ఆపైన నీటి అడుగున అన్నీ బండరాళ్లే.

పేరు చెప్పి హెచ్చరించదగిన చోట్లు రెండు ఉన్నాయి. ఒకటి కామసూనరి తీరంలోని ఏరు. అక్కడి పాత వంతెన ఎప్పుడో కూలిపోయింది, పాత పటాలు చూసి దాన్ని నమ్ముకోకూడదు. ఏరు సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా ఉన్నందున వరద నీటికి సముద్రపు పోటు కూడా తోడైతే దాటడం అసాధ్యం. రెండోది కోరుస్క్ సరస్సు నుంచి సముద్రానికి పారే స్కావేగ్ నది. కొన్ని వందల మీటర్ల పొడవే ఉన్న ఈ నదిని దాటడానికి వరుసగా రాళ్లు వేసి ఉన్నాయి. పెద్ద వానకు ఆ రాళ్లు మునిగిపోతాయి. ఎల్గోల్ ఊరి నుంచి పడవలో కోరుస్క్‌కు వచ్చేవారు ఏ ఒడ్డున దిగారో, తిరిగి ఏ ఒడ్డున ఎక్కాలో చూసుకుని దాటాలి.

ఒక మంచి సంగతి ఏమిటంటే ఈ వాగులు పొంగినంత త్వరగానే తగ్గుతాయి. వాన ఆగాక కొన్ని గంటలు ఆగితే దారి మళ్లీ తెరుచుకోవచ్చు. చలికి తట్టుకునే బట్టలు, తిండి ఉన్నవారే అలా ఆగగలరు. కామసూనరిలో మౌంటెన్ బోతీస్ అసోసియేషన్ నిర్వహించే చిన్న ఆశ్రయం ఒకటి ఉంది. అద్దె లేదు, తాళం లేదు, విద్యుత్తు లేదు, మరుగుదొడ్డి లేదు, కానీ పైకప్పు ఉంది.

మబ్బు కమ్మితే ఫోన్‌లోని పటం చాలదా?

చాలదు. స్లిగహన్ లోయలో, కోరుస్క్ చుట్టుపక్కల ఫోన్ సంకేతం అందని చోట్లు ఎక్కువ. పటాన్ని ముందే దించుకున్నా తడి వేళ్లకు తెర స్పందించదు, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. నీటికి తడవని కాగితపు పటం, దాన్ని చదవగల ఒక మనిషి బృందంలో ఉండాలి. ఆర్డ్‌నెన్స్ సర్వే వారి పటాలు, హార్వే సంస్థ వారి కూలిన్ పటం పోర్ట్రీలో దొరుకుతాయి.

నల్ల కూలిన్‌లో మరో విచిత్రమైన ఇబ్బంది ఉంది. అక్కడి రాయిలో అయస్కాంత గుణం ఉన్నందున దిక్సూచి ముల్లు చోటు చోటుకూ తప్పు దిక్కు చూపుతుంది. అంటే మబ్బులో దిక్సూచి ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే అది నమ్మదగినది కాదు. ఉపగ్రహాల ఆధారంగా పనిచేసే పరికరం కొంత ఆదుకుంటుంది గానీ, అది కూడా నిట్టనిలువు రాతి గోడల మధ్య తడబడుతుంది. మబ్బు 600 మీటర్ల కిందికి దిగే రోజున ఆ శిఖరాలకు కొత్తవారు వెళ్లకూడదన్నది మా స్థిరాభిప్రాయం.

ఎంత సమయం పడుతుందో ఎలా లెక్కవేయాలి?

స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క నేటికీ వాడుకలో ఉంది. దాన్ని మన కొలతల్లో చెప్పాలంటే, ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా మరో గంట. ఇది ఆగకుండా నడిచే అలవాటు ఉన్నవారి లెక్క. స్కైలోని ఊబి నేల మీద, వానలో, పిల్లలతో నడిచేవారు దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకుంటే వాస్తవానికి దగ్గరగా వస్తుంది. స్లిగహన్ నుంచి లోయ గుండా ఎల్గోల్ దాకా సుమారు 18 కిలోమీటర్లు. ఎక్కుడు తక్కువే అయినా తడి రోజున అది రోజంతటి పని.

ఏ దుస్తులు వేసుకోవాలి?

జీన్స్, నూలు చొక్కా వద్దు. నూలు నీటిని పీల్చి పట్టి ఉంచుతుంది, ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఒంటికి తగిలే పొర ఉన్నిదిగానీ కృత్రిమ దారానిదిగానీ అయి ఉండాలి, దాని మీద ఫ్లీస్, అన్నిటికీ పైన నీరు చొరని కోటు ఉండాలి. మనవారిలో చాలామంది కోటు మీద డబ్బు పెట్టి ప్యాంటు సంగతి మరిచిపోతారు. నీరు చొరని ప్యాంటు లేకపోతే కోటు అంచు నుంచి కారే నీరంతా తొడల మీదికి, అక్కడి నుంచి బూట్లలోకి దిగుతుంది. కోటు కొత్తలో నీటిని బొట్లుగా జారవిడిచినట్టు కొన్నాళ్లకు జారవిడవకపోతే దాన్ని మామూలు సబ్బు పొడితో ఉతకకుండా, అందుకోసం అమ్మే ద్రవంతో ఉతికి నీటిని వికర్షించే పూత మళ్లీ వేయాలి.

ఉన్ని టోపీ, రెండు జతల చేతి తొడుగులు, తలకు పెట్టుకునే దీపం, ఈల, ఆపదలో మనిషి లోపల దూరి కూర్చునే నారింజ రంగు ప్లాస్టిక్ ప్రాణరక్షణ సంచి వేసవిలో కూడా ఉండాలి. వీపు సంచికి పైన కప్పే తొడుగును గాలి ఎత్తుకుపోతుంది. లోపలి వస్తువులను ప్లాస్టిక్ సంచుల్లో కట్టి పెట్టుకోవడమే నమ్మకమైన పద్ధతి.

గొడుగు?

వద్దు. సన్నని ప్లాస్టిక్ రెయిన్‌కోటు కూడా తొలి గాలికే చిరుగుతుంది.

తినడానికి ఏం తీసుకెళ్లాలి?

పులిహోర రుచికి తిరుగు లేదు గానీ, కొంకర్లు పోతున్న వేళ్లతో, గాలివానలో డబ్బా మూత తీసి తినడం జరిగే పని కాదు. వాన రోజున ఎక్కువసేపు ఆగి కూర్చోలేము, కూర్చుంటే చలి పడుతుంది. కాబట్టి చేతి తొడుగు తీయకుండా, నడుస్తూనే రెండు మూడు కాటుల్లో తినగలిగినవి కావాలి. ఆవకాయో వేపుడో పెట్టి చుట్టిన చపాతీలు, వేరుశనగ చిక్కీ, ఖర్జూరాలు బాగా పనికొస్తాయి. ఫ్లాస్కులో తీపి టీ తప్పనిసరి. పులిహోర కారులో ఉంచితే తిరిగి వచ్చాక దాని విలువ మరింత తెలుస్తుంది.

వాన రోజుకు తగిన నడకలు ఏవి?

పోర్ట్రీ రేవు పక్కనే మొదలయ్యే స్కారీబ్రెక్ చుట్టుదారి సుమారు 3 కిలోమీటర్లు, గంటన్నరలో తిరిగి రావచ్చు. డన్‌వేగన్‌కు ఉత్తరాన క్లేగన్ నుంచి కోరల్ బీచ్ దాకా ఉన్న దారి దాదాపు చదును. వానలో కూడా ఆ తెల్లని తీరం పక్కన నీరు పచ్చగా మెరుస్తుంది.

రోజంతా నడవాలనుకునేవారికి మేము ముందుగా చెప్పేది బోరెరేగ్, సూష్‌నిష్ గ్రామాల చుట్టుదారి. బ్రాడ్‌ఫర్డ్ నుంచి ఎల్గోల్ వెళ్లే రోడ్డు పక్కన ఉన్న కిల్‌క్రైస్ట్ పాడుబడిన చర్చి దగ్గర మొదలై సముద్రపు ఒడ్డుకు దిగి మళ్లీ పైకి వస్తుంది. సుమారు 16 కిలోమీటర్లు, కాని పెద్ద ఎత్తులు లేవు. భూస్వామ్య యాజమాన్యం గొర్రెల పెంపకం కోసం 1853లో సూష్‌నిష్, బోరెరేగ్‌లలోని కౌలు రైతు కుటుంబాలను ఇళ్ల నుంచి వెళ్లగొట్టింది. వారి ఇళ్ల మొండి గోడలు నేటికీ పచ్చిక మధ్య నిలిచి ఉన్నాయి. ఇది మబ్బు వల్ల ఏమీ కోల్పోని నడక, ఎందుకంటే చూడవలసినదంతా కాళ్ల దగ్గరే ఉంది. అయితే దారిలో కొన్ని చోట్ల బురద లోతు, కొండ అంచు కింద ఒడ్డు వెంట సాగే భాగంలో పెద్ద వానకు పైనుంచి రాళ్లు దొర్లవచ్చు.

స్కాన్సర్ నుంచి ఫెర్రీలో 25 నిమిషాల్లో చేరే రాసే ద్వీపంలోని డూన్ కాన్ 444 మీటర్ల కొండ. మబ్బు 500 మీటర్లకు పైన ఉన్న తుంపర రోజున ఇది సరిగ్గా సరిపోతుంది.

ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టార్, క్విరాంగ్ సంగతి ఏమిటి?

స్టార్ దగ్గర కార్ల నిలుపుచోటు నుంచి పైకి కంకర పరిచి వేసిన దారి ఉంది, వానలో కూడా అది నడవదగినదే. ఆ దారి ముగిసిన చోటి నుంచి రాతి స్తంభాల మొదళ్ల దాకా ఉన్న వాలు బురదగా మారుతుంది, ఎక్కడం కంటే దిగడం కష్టం. క్విరాంగ్‌లో మొదటి కిలోమీటరు సన్నని అడ్డదారి, కింద నిటారు పచ్చిక వాలు. మధ్యలో వాగు కోసిన రాతి సందులు జారుతాయి. అక్కడి నేల పెద్ద కొండచరియ జారి ఏర్పడింది, ఇప్పటికీ మెల్లగా కదులుతూనే ఉంది, దిగువన ఫ్లాడిగరీ దగ్గర రోడ్డుకు తరచు మరమ్మతు చేయవలసి వస్తుంది. గాలి లేని వానలో మంచి బూట్లతో ఆ అడ్డదారిలో కొంతదూరం వెళ్లి తిరిగి రావచ్చు, చుట్టు పూర్తి చేసే పై అంచు దారిని పొడి రోజుకు ఉంచుకోవాలి.

వేసవికి ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా?

పైన చెప్పిన కోరల్ బీచ్ దారి, స్కారీబ్రెక్ దారి వారికి తగినవి. మీ కోటు కంటే వారి కోటు గురించి ఎక్కువ పట్టించుకోండి. స్వెటర్ మీద శాలువా కప్పుకుని బయలుదేరితే తడి శాలువా బరువుకే అలసిపోతారు. చీర కుచ్చిళ్లు తడిసి కాళ్లకు చుట్టుకుంటాయి కాబట్టి ఆ పూటకు అమ్మను ప్యాంటుకు ఒప్పించగలిగితే మేలు. పెద్దవారు చలి వేస్తోందని నోటితో చెప్పరు. చేతులు పట్టి చూడండి.

చలి దెబ్బ తగిలిందని ఎలా గుర్తించాలి?

మొదట ఆపుకోలేని వణుకు. తర్వాత మాట తడబడటం, కాలు తడబడటం, జిప్పు వేసుకోవడం వంటి చిన్న పని చేతకాకపోవడం, చిరాకు, వెనకబడటం. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే దాన్ని వైద్యులు హైపోథర్మియా అంటారు. మనిషి బాగుపడకుండానే వణుకు ఆగిపోతే అది మంచి సూచన కాదు, ప్రమాదం ముదిరిందని అర్థం. వెంటనే గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు మార్చి, కింద ఏదైనా పరిచి, ప్రాణరక్షణ సంచిలో మరొకరితో కలిపి కూర్చోబెట్టాలి. స్పృహలో ఉంటే తీపి, వెచ్చని పానీయం ఇవ్వాలి. కాళ్లు చేతులు గట్టిగా రుద్దకూడదు. విస్కీకి పేరుపడిన దేశమైనా సరే, మద్యం ఇవ్వకూడదు.

సహాయం ఎలా పిలవాలి? దానికి ఖర్చు అవుతుందా?

999కి గానీ 112కి గానీ ఫోన్ చేసి ముందు పోలీసులను, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. మాట వినిపించనంత బలహీనమైన సంకేతం ఉన్నప్పుడు సందేశం పంపవచ్చు, కాని అందుకు మీ నంబరును ముందే నమోదు చేసుకుని ఉండాలి. 999కి రిజిస్టర్ అనే ఆంగ్ల పదాన్ని సందేశంగా పంపి, జవాబుగా వచ్చే సందేశానికి యెస్ అని తిరిగి పంపితే ఆ నమోదు జరుగుతుంది, ఇంటి దగ్గరే చేసుకోండి. ఫోన్ పనిచేయకపోతే నిమిషంలో ఆరు సార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. మూడు ఈలలు వినిపిస్తే అది జవాబు.

స్కై మౌంటెన్ రెస్క్యూ బృందంలో ఉన్నవారు స్వచ్ఛంద సేవకులు. వారు రుసుము తీసుకోరు. వీసా ఏదైనా, దేశం ఏదైనా ఇదే పద్ధతి. మబ్బు కిందికి దిగి ఉంటే హెలికాప్టర్ మీ దగ్గరకు రాలేదు, అప్పుడు వారు నడిచి రావాలి, దానికి గంటలు పడుతుంది. ఆ గంటలు మీరు వెచ్చగా ఉండగలగాలి.

దోమల్లాంటి పురుగులు కుడతాయని విన్నాము.

అవి మిడ్జ్‌లు. మే చివర నుంచి సెప్టెంబరు దాకా, గాలి ఆగి ముసురు పట్టిన సాయంత్రాల్లో గుంపులుగా వస్తాయి. గంటకు ఏడెనిమిది మైళ్ల గాలి వీస్తే ఎగరలేవు. తలకు కప్పే సన్నని వల చవకైనదే. పొడుగు గడ్డిలో ఉండే టిక్‌లు, అంటే పిడుదులు, అంతకంటే పట్టించుకోవలసినవి. వాటి వల్ల లైమ్ వ్యాధి సోకే అవకాశం ఉంది. రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, చంకల్లో, నడుము దగ్గర చూసుకుని, కనిపిస్తే చర్మానికి ఆనించి పట్టకారుతో నిదానంగా లాగేయాలి. కుట్టిన చోట గుండ్రని ఎర్రని మచ్చ పెరుగుతుంటే వైద్యుడికి చూపించాలి.

ఎవరి భూమి మీదనైనా నడవవచ్చా?

2003 నాటి భూ సంస్కరణల చట్టం ప్రకారం స్కాట్లండ్‌లో బాధ్యతతో నడిచే హక్కు అందరికీ ఉంది. ఇళ్ల ఆవరణలు, పంట ఉన్న చేలు దీనికి మినహాయింపు. గేట్లు ఎలా ఉంటే అలా వదలాలి. దారి మీద బురద ఉంటే పక్కనుంచి కాకుండా బురదలోనుంచే నడవాలి. అందరూ పక్కకు తప్పుకుంటూ పోతే పీట్ అనే ఊబి నేల మీది నాచు పొర చితికిపోయి దారి ఏటేటా వెడల్పవుతుంది.

మరుసటి రోజుకు బూట్లు ఎలా ఆరబెట్టాలి?

లోపలి అట్టలు తీసి, నలిపిన వార్తాపత్రికలు కుక్కి, రెండు గంటలకోసారి మార్చాలి. హీటరు మీద పెడితే తోలు బిగుసుకుని అతుకు ఊడుతుంది. చాలా హాస్టళ్లలో తడి బట్టలు ఆరబెట్టే గది ఉంటుంది, గది బుక్ చేసేటప్పుడే అది ఉందో లేదో అడగండి.